పింఛన్ల మీద డిసర్టేషన్‌కు సచివాలయం జాబితా నుంచి వందమందిని తీసుకుంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు విశాఖలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్నారు. జాలరి కాలనీల్లో ముసలివాళ్ళకు, భర్త పోయిన ఆడవాళ్ళకు పింఛన్లు ఎంతవరకు అందుతున్నాయన్నది మీ డిసర్టేషన్ అంశం. వార్డు సచివాలయం నుంచి పింఛనుదారుల జాబితా తీసుకుని, అందులో లాటరీ పద్ధతిలో వందమందిని ఎంచుకుని, అరవై ప్రశ్నల షెడ్యూలు (ప్రశ్నల పత్రం) తయారు చేశారు. పైలట్‌లో, అంటే ముందుగా చేసిన చిన్న ప్రయత్న సర్వేలో, అడిగినవాళ్ళందరూ "బాగానే వస్తోంది" అన్నారు. వందమంది చాలా, ఇంకా పెంచాలా, వాళ్ళ చేత నిజం చెప్పించడం ఎలా అని అడుగుతున్నారు.

వంద చాలు. మార్చాల్సింది ఆ జాబితాను. పింఛను అందుతోందా లేదా అని తెలుసుకోవడానికి పింఛను అందుతున్నవాళ్ళ జాబితాతో మొదలుపెడితే, పాసైనవాళ్ళను మాత్రమే పిలిచి పరీక్ష ఎలా ఉందని అడిగినట్టు ఉంటుంది. ఆ జాబితాలో వెయ్యిమందిని తీసుకున్నా మీకు వచ్చే జవాబు ఇదే. మీకు కావలసిన మనిషి అందులో లేదు. ఆవిడ అదే వీధిలో, నాలుగిళ్ళ అవతల ఉంటుంది.

నేను చాలా ఏళ్ళుగా విశాఖలో, పక్క జిల్లాల్లో ఇంటింటి సర్వేలు చేయిస్తున్నాను. విద్యార్థుల డిసర్టేషన్లూ చూస్తుంటాను. ఈ అంశం మీద వచ్చే వాటిలో ఎక్కువ భాగం ఇలా జాబితాతోనే మొదలవుతాయి. కారణం తెలిసిందే. జాబితా చేతికి అందుతుంది, గైడు అడ్డు చెప్పరు, శాంపిల్ "శాస్త్రీయంగా" కనిపిస్తుంది. కానీ దీనివల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. 1993లో కోర్నియా, స్టూవర్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సంక్షేమ పథకాల్లో జరిగే తప్పులను రెండుగా విడదీశారు. అర్హత లేనివాళ్ళకు అందడం ఒకటి, అర్హత ఉండీ అందకపోవడం రెండోది. మొదటిదాన్ని పట్టుకోవడం మీద ఉన్న శ్రద్ధ రెండోదాని మీద ఉండటం లేదన్నది వాళ్ళ వాదన. జాబితాతో మొదలయ్యే పరిశోధనలో మొదటి తప్పు మాత్రమే కనిపిస్తుంది. అనర్హులు ఇంతమంది ఉన్నారని రాయగలం. అర్హులు ఎంతమంది బయట మిగిలిపోయారో ఆ కాగితం ఎప్పటికీ చెప్పదు. జాబితా నుంచి పేర్ల ఏరివేతలు జరిగినప్పుడల్లా అధికారుల చేతిలో లెక్కలు ఉంటాయి, పేదవాళ్ళ వైపు లెక్కలు ఉండవు. ఆ లోటు పూడ్చగలిగే పని మీ చేతిలో ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వీధి, తర్వాత మనిషి. కొత్త జాలరిపేట, పెదజాలరిపేట, హార్బర్ వెనక వీధులు అన్నీ పెట్టుకోకండి. మూడు నాలుగు వీధులు ఎంచుకోండి. చేత్తో మ్యాపు గీసి, ఒక చివర మొదలుపెట్టి రెండో చివర దాకా ప్రతి గడపా ఎక్కండి. ఇల్లు లెక్క కాదు, పొయ్యి లెక్క రాయండి. ఒకే కప్పు కింద తల్లి విడిగా వండుకుంటుంటే అవి రెండు కుటుంబాలు. ఈ మొదటి రౌండులో అడగాల్సినవి చాలా తక్కువ: ఈ పొయ్యి మీద తినేవాళ్ళు ఎవరెవరు, వయసెంత, భర్త లేదా భార్య ఉన్నారా, ఒంట్లో కదలలేని ఇబ్బంది ఎవరికైనా ఉందా, ఎవరికైనా పింఛను వస్తోందా, ఎప్పుడైనా వచ్చి ఆగిపోయిందా. ఇంటికి ఐదారు నిమిషాలు చాలు.

ఇలా మూడు నాలుగు వందల పొయ్యిలు రాసేసరికి మీకు సొంత జాబితా తయారవుతుంది. ఉదాహరణకు అందులో అర్హత ఉందనిపించేవాళ్ళు నూట ఇరవైమంది తేలారని, వాళ్ళలో ఎనభైమందికి పింఛను వస్తోందని, నలభైమందికి రావడం లేదని అనుకుందాం. రానివాళ్ళు నలభైమందితోనూ మాట్లాడండి. వస్తున్నవాళ్ళలో లాటరీ తీసి నలభైమందిని తీసుకోండి. మొత్తం ఎనభై ఇంటర్వ్యూలు. ఇక్కడ ఒక జాగ్రత్త. "అర్హుల్లో ఎంత శాతానికి అందడం లేదు" అన్న లెక్క మొదటి రౌండు నుంచే తీయాలి, అంటే నూట ఇరవైకి నలభై. ఇంటర్వ్యూ చేసిన ఎనభైమంది నుంచి తీస్తే అందనివాళ్ళు సగంమంది అయిపోతారు. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే మీ అధ్యాయం మొత్తం కూలిపోతుంది.

ఆ శాతాన్ని విశాఖ మొత్తానికి అంటగట్టకండి. ఎంత చక్కగా ఎంచుకున్నా వందమంది శాంపిల్‌లో వచ్చే శాతం పది అటూ ఇటూ ఊగుతుంది. మీరు ఎంచుకున్నవి నాలుగే వీధులు కాబట్టి నగరం గురించి ఏ శాతమూ చెప్పలేరు. "ఈ నాలుగు వీధుల్లో" అని రాయండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎందుకు అందలేదో అర్థం చేసుకోవడానికి నాలుగు వీధులు ఎక్కువే.

అర్హత ఎవరికి ఉందో నిర్ణయించేందుకు నియమాలు మీ దగ్గర రాతలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం 1995 ఆగస్టు 15న మొదలైంది. దాని కింద కేంద్రం వాటా ఈనాటికీ 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకు నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500, వితంతువులకు 300. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు 4,000, దివ్యాంగులకు 6,000 ఇస్తున్నారు. అంటే చేతికొచ్చే డబ్బులో చాలా భాగం రాష్ట్రానిదే, కాబట్టి ఎవరికి రావాలో తేల్చేదీ ఎక్కువగా రాష్ట్రం పెట్టిన నియమాలే. వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్ళు, గిరిజనులకు 50, మత్స్యకార పింఛనుకు 50. మీరు వెళ్ళేది జాలరి పేట కాబట్టి ఈ చివరిది మరిచిపోవద్దు. యాభై ఐదేళ్ళ మనిషిని "వయసు రాలేదు" అని పక్కన పెట్టేస్తే లెక్క తప్పుతుంది.

వీటి పైన ఆరంచెల వడపోత ఉంది, కుటుంబంలో వీటిలో ఏది తగిలినా పింఛను రాదు. పరిమితి మించిన భూమి, నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, నగరంలో వెయ్యి చదరపు అడుగులు మించిన ఇల్లు, సగటున నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు. కాగితం మీద చూస్తే అన్నీ సబబుగానే అనిపిస్తాయి. వీధిలోకి వెళ్ళి చూస్తే కరెంటు మీటరు దగ్గరే కథ మొదలవుతుంది. నేను చూసిన ఒక ఇంట్లో కింద తల్లి, మేడ మీద ఇద్దరు కొడుకులు, వెనక రేకుల షెడ్డులో అద్దెకున్నవాళ్ళు. అందరికీ ఒకటే మీటరు, అదీ చనిపోయిన తండ్రి పేరు మీద. ఎండాకాలంలో పైన కూలర్లు తిరుగుతుంటే యూనిట్లు దాటిపోయాయి. తల్లి గదిలో ఉన్నది ఒక బల్బు, ఒక ఫ్యాను. ఆవిడ పింఛను ఆగింది. కారణం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. "ఏటో కంప్యూటర్లో పోయిందట" అంది. పొయ్యి లెక్క రాయమన్నది ఇందుకే. రికార్డులో ఆవిడా కొడుకులూ ఒకే కుటుంబం. నిజానికి ఆవిడ గిన్నె వేరు, బియ్యం డబ్బా వేరు.

కొడుకు పేరుతో మ్యాపింగ్ అయిన, అంటే ప్రభుత్వ రికార్డులో కొడుకు కుటుంబంలో కలిపేసిన తల్లులది కూడా ఇలాంటి సమస్యే. కొడుక్కి ఎక్కడో ఉద్యోగం వస్తుంది, వేరే ఊరు వెళ్ళిపోతాడు, డబ్బు పంపడు. రికార్డులో మాత్రం ఆవిడ ఉద్యోగి ఇంటి మనిషిగానే ఉండిపోతుంది. మీ షెడ్యూలులో "మీ బియ్యం కార్డులో ఎవరెవరి పేర్లు ఉన్నాయి? వాళ్ళలో ఈ పొయ్యి మీద తినేది ఎవరు?" అన్న రెండు ప్రశ్నలు తప్పకుండా పెట్టండి. రెండు జవాబుల మధ్య తేడా ఉన్న చోటే మీ డిసర్టేషన్‌కు కావలసిన విషయం దొరుకుతుంది.

గడుల్లో ఇమడని మనుషుల కోసం షెడ్యూలులో ఖాళీ ఉంచండి. మీ షెడ్యూలులో "వైవాహిక స్థితి: వివాహిత / అవివాహిత / వితంతువు / విడిపోయిన" అని ఉంది. జాలరి పేటలో ఇది సరిపోదు. వేటకు వెళ్ళిన భర్త తిరిగి రాని ఒక ఆవిడను నేను ఎప్పటికీ మరిచిపోలేను. బోటు దొరికింది, మనిషి దొరకలేదు. శవం లేకపోతే మరణ ధ్రువపత్రం పుట్టడం చాలా కష్టం. మామూలుగా ఏడేళ్ళు జాడ తెలియకపోతే గానీ చట్టం మనిషి చనిపోయినట్టు భావించదు. ఆ పత్రం లేకుండా వితంతు పింఛను రాదు. ఆవిడ నుదుటిన బొట్టు తీయలేదు. సర్వేకు వచ్చిన పిల్లలు బొట్టు చూసి "వివాహిత" అని టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒంటరి మహిళల కోటా కింద పెడదామని ఎవరో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "మాయన నన్నొగ్గేసి పోనేదు బాబూ, ఏటకెళ్ళేడు" అంది. ఇలాంటివాళ్ళు ఒక వీధిలో ఒకరో ఇద్దరో ఉంటారు. శాతాల్లో వాళ్ళు కనిపించరు. అందుకే ప్రశ్నను "మీ ఆయన ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?" అని అడిగి, జవాబును వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. కోడింగ్, అంటే జవాబులను వర్గాలుగా విడదీయడం, ఇంటికొచ్చాక చేసుకోవచ్చు.

భర్త పోయిన ఆడవాళ్ళందరినీ ఒకే గడిలో వేయకండి. భర్త పింఛను తీసుకుంటూ పోతే భార్యకు ఆ పింఛను మార్చే ఏర్పాటు ఇప్పుడు ఉంది. నలభై ఏళ్ళకే గుండెపోటుతో పోయినవాడి భార్యకు ఆ దారి లేదు, ఆవిడ కొత్త దరఖాస్తుగానే వెళ్ళాలి. పక్కపక్క ఇళ్ళలో ఇద్దరూ ఉంటారు. ఇద్దరి అనుభవం వేరు. ఎందుకు వేరో మీ పట్టికలో కనిపించాలి.

దివ్యాంగుల విషయంలో "మీకు వైకల్యం ఉందా?" అని అడిగితే సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉన్నవాళ్ళే అవునంటారు. మోకాళ్ళు అరిగి గడప దాటలేని ముసలాయన "నాకేం వైకల్యం లేదు, వయసు మీద పడింది" అంటాడు. దీనికి వాషింగ్టన్ గ్రూప్ (వైకల్య గణాంకాల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం) వాళ్ళ ఆరు ప్రశ్నలు వాడండి. చూడటం, వినడం, నడవడం, గుర్తుంచుకోవడం, సొంత పనులు చేసుకోవడం, మాట్లాడి అర్థం చేయించుకోవడం. ఒక్కొక్కదాంట్లో ఎంత ఇబ్బంది అని నాలుగు స్థాయిల్లో అడుగుతారు. చాలా దేశాల సర్వేల్లో వాడుతున్నవే, మీ గైడు కూడా కాదనరు.

ఇక రెండో ప్రశ్న, నిజం చెప్పించడం. మీరు పైలట్‌కు సచివాలయం ఉద్యోగితో కలిసి వెళ్ళారని రాశారు. ఆ ఉద్యోగి మంచివాడే కావచ్చు. కానీ ప్రతినెలా ఒకటో తేదీన ఇంటికి వచ్చి డబ్బు ఇచ్చే మనిషి పక్కన నిలబడి ఉండగా "ఏమైనా ఇబ్బంది ఉందా?" అంటే లేదనే చెప్తారు. నెలకు నాలుగు వేలు ఆ మాట మీద ఆధారపడి ఉన్నాయని వాళ్ళ భయం. ఆ భయంలో తప్పు లేదు, 2024 ఎన్నికలప్పుడు వాలంటీర్ల చేత పంపిణీ ఆపించినప్పుడు వాళ్ళు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. అనుమతి కాగితం తీసుకోండి, వీధిలోకి మాత్రం ఒంటరిగానో, మీ తోటి విద్యార్థినితోనో వెళ్ళండి. ఎవరి తరఫున వచ్చారో, దీనివల్ల పింఛను రావడమూ పోవడమూ ఏదీ జరగదని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఆధార్ నంబరు అడగొద్దు. మీకు దానితో పని లేదు, అడిగిన క్షణం నుంచి మీరు ప్రభుత్వ మనిషి అయిపోతారు.

సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం కూడా వద్దంటాను. ఈ వీధుల్లో వేలిముద్ర అంటే డబ్బు, రేషను. "మళ్ళీ వేలిముద్రా? ఏం పోతుందో ఏటో" అని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. పత్రం చదివి వినిపించి, నోటిమాటగా ఒప్పుకున్నారని సాక్షి సంతకంతో రాసుకోవచ్చు. మీ ఎథిక్స్ కమిటీకి కారణం రాసి ముందే అనుమతి తీసుకోండి.

వేలిముద్రల యంత్రం మీద ముందే తీర్పు రాసుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికి, పింఛన్లకు బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో అధ్యయనం చేశారు. కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. అదే బృందం తర్వాత ఝార్ఖండ్‌లో రేషనుకు ఆధార్ వేలిముద్ర పెట్టడాన్ని పరిశీలిస్తే సగటున లీకేజీ తగ్గలేదు, జనానికి తిరుగుళ్ళు పెరిగాయి, ఆధార్ అనుసంధానం కానివాళ్ళు నష్టపోయారు. పేరుకు ఒకే టెక్నాలజీ. ఎవరు డబ్బు తెచ్చి ఇస్తున్నారు, మెషీను ఒప్పుకోకపోతే వేరే దారి ఉందా అన్నదాన్ని బట్టి ఫలితం మారింది. కాబట్టి "వేలిముద్ర వల్ల ఇబ్బంది ఉందా?" అని అడగకుండా "పోయిన నెల మెషీను వేలు తీసుకోకపోతే ఏం చేశారు?" అని అడగండి. ఉప్పునీళ్ళలో, ఐసులో ఏళ్ళ తరబడి చేపలు ఎత్తిన చేతులవి. ఈ ప్రశ్నకు వాళ్ళ దగ్గర చాలా జవాబులు ఉంటాయి.

అభిప్రాయం అడగొద్దు, జరిగింది అడగండి. "పింఛనుతో మీరు సంతృప్తిగా ఉన్నారా?" అన్న ప్రశ్నను కొట్టేయండి. "ఈ నెల డబ్బు ఎవరి చేతికి ఇచ్చారు? ఆ సాయంత్రానికి అది ఎవరి దగ్గర ఉంది? మొదట దేనికి ఖర్చయింది?" అని అడగండి. ఎవరి చేతికి వెళ్ళిందన్నది చాలా పెద్ద విషయం. దక్షిణాఫ్రికాలో వృద్ధాప్య పింఛను పెరిగాక ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో చేసిన అధ్యయనంలో (2003లో అచ్చయింది), అమ్మమ్మో నానమ్మో పింఛను తీసుకునే ఇళ్ళలో ఆడపిల్లల ఎదుగుదల మెరుగుపడింది. తాతయ్యలు తీసుకున్న ఇళ్ళలో అలాంటి మార్పు కనిపించలేదు. మన జాలరి పేటల్లో ఎలా ఉందో మీరు చూసి చెప్పగలరు. ఇది అడిగేటప్పుడు కోడలో కొడుకో పక్కన ఉంటే ఆపేయండి. మంచినీళ్ళు అడగండి, లేదా రేపు వస్తానని చెప్పి లేవండి. ఆవిడ ఒక్కర్తీ అరుగు మీద కూర్చున్నప్పుడు మళ్ళీ వెళ్ళండి.

"నెలకు ఆదాయం ఎంత?" కూడా అలాంటి ప్రశ్నే. చేపలమ్ముకునేవాళ్ళకు నెల ఆదాయం అనేది ఉండదు. హార్బర్‌లో వేలంపాట దగ్గర నిన్న గంప ఎంతకు ఎత్తారు, ఐసుకు, ఆటోకు ఎంతయింది, అప్పు తెచ్చిన డబ్బుకు వడ్డీ ఎంత, సాయంత్రానికి చేతిలో ఎంత మిగిలింది, మిగిలిపోయిన సరుకు ఏం చేశారు. నిన్నటి లెక్క ఎవరైనా చెప్పగలరు. వాళ్ళు తెల్లారకముందే హార్బర్‌కు వెళ్ళిపోతారు, మధ్యాహ్నం తర్వాత గానీ తీరిక ఉండదు. పదకొండు గంటలకు వెళ్ళి "ఇంటికి తాళం" అని రాసుకుంటే, కష్టపడి బతికేవాళ్ళే మీ శాంపిల్ నుంచి రాలిపోతారు. అరవై ప్రశ్నలు ఇరవై ఐదు చేయండి. ముప్పావు గంట దాటితే చివరి ప్రశ్నలకు వచ్చే జవాబులు మిమ్మల్ని పంపించడానికి చెప్పేవే.

ఫీల్డువర్క్ ఏ నెలల్లో పడుతుందో కూడా చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం, 61 రోజులు. ఆ సమయంలో మగవాళ్ళు ఇళ్ళ దగ్గర దొరుకుతారు, కానీ ఆడవాళ్ళ చేపల బేరం బాగా పడిపోతుంది. వేట నిషేధ భృతి, 2025 నుంచి 20,000 రూపాయలు, బోటు మీద వేటకు వెళ్ళేవాళ్ళకు ఇస్తారు. గంప నెత్తిన పెట్టుకుని అమ్మే ఆవిడ ఆ లెక్కలోకి రాదు. భర్త ఉంటే ఇంటికి ఆ డబ్బు వస్తుంది. భర్త లేని ఆవిడకు అదీ లేదు, బేరమూ లేదు. మీ అంశానికి ఇంతకంటే ముఖ్యమైన నెలలు లేవు. వీలైతే సగం ఇంటర్వ్యూలు నిషేధానికి ముందు, సగం నిషేధంలో చేసి, రెండు భాగాల్లోనూ అందేవాళ్ళు, అందనివాళ్ళు ఇద్దరూ ఉండేలా చూసుకోండి.

రాసేటప్పుడు పేర్లు మార్చడం ఒక్కటే సరిపోదు. ఒక వీధిలో ఒకే ఒక్క ట్రాన్స్‌జెండర్ పింఛనుదారు ఉంటే, వీధి పేరు రాసిన వెంటనే మనిషి తెలిసిపోతుంది. సముద్రంలో తప్పిపోయిన మనిషి భార్య విషయంలోనూ అంతే. అలాంటి చోట వీధి పేరు, సంవత్సరం రెండూ తీసేయండి.

ఇంటర్వ్యూ అయ్యాక చాలామంది మిమ్మల్ని ఒకటే అడుగుతారు: "మరి నాకొస్తాదా బాబూ?" దానికి సిద్ధపడి వెళ్ళండి. పరిశోధకులు జోక్యం చేసుకోకూడదని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. ఆవిడ మీకు తన సమయం ఇచ్చింది, తన ఇంటి గుట్టు చెప్పింది. ఏ పింఛనుకు ఏ కాగితాలు కావాలో పెద్ద అక్షరాల్లో రాసిన పేజీ ఒకటి వెంట పెట్టుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుందని చెప్పండి. రాయడం రానివాళ్ళకు అర్జీ రాసి పెట్టండి. పింఛను వస్తుందని మాత్రం మాట ఇవ్వొద్దు. ఈ సాయం ఇంటర్వ్యూ పూర్తయ్యాకే చేయండి, ముందు చేస్తే జవాబులు మారిపోతాయి. ఎంతమందికి అర్జీలు రాశారో, వాటికి ఏ సమాధానం వచ్చిందో తేదీలతో రాసుకుని అనుబంధంలో పెట్టండి. అర్జీ పెట్టిన మనిషికి కారణం చెప్పి కాదన్నారా, కారణం లేకుండా తిప్పి పంపారా అన్నది పరీక్షకులు కచ్చితంగా చదువుతారు.